చేపనూనె దీపం కింద చదువు: ఐస్‌లాండ్ ఇళ్లలో శీతకాలపు దినచర్య

ఉత్తర ధ్రువ వృత్తానికి కాస్త దిగువన ఉన్న ఐస్‌లాండ్‌లో, డిసెంబరు నడిమికి వచ్చేసరికి, నైరుతి తీరాన ఉన్న రేక్యావిక్‌లో సైతం పగటి వెలుతురు సుమారు నాలుగు గంటలే ఉంటుంది. 1703 జనగణన నాటికి ఆ ద్వీపంలో ఉన్నది 50,358 మంది. వారిలో అత్యధికులు ఒకదానికొకటి దూరంగా, గడ్డిమట్టి పెళ్లలతో కట్టిన పొలం ఇళ్లలో బతికేవారు కాబట్టి, ఊరికొక బడి పెట్టడానికి అక్కడ ఊళ్లే లేవు. అయినా 18వ శతాబ్దం ముగిసేనాటికి పెద్దవారిలో దాదాపు అందరూ చదవగలిగే స్థితికి చేరారంటే, అది ఇంట్లో, ప్రధానంగా శీతకాలపు రాత్రుల్లో సాగిన చదువు ఫలితమే. ఆ చదువును నడిపిన దినచర్య కుటుంబపు ఆరోగ్యంతో విడదీయరానంతగా పెనవేసుకొని ఉండేది.

ఈ దినచర్యకు వేదిక ‘బాద్‌స్తోవా’. ఆవిరి స్నానపు గది అన్న అర్థంతో పుట్టిన ఈ మాట, కలప, వంటచెరకు కరువైన కొద్దీ, ఇంటిల్లిపాదీ పడుకొని, తిని, పనిచేసుకొనే ఉమ్మడి గదికి పేరుగా స్థిరపడింది. అందులో పొయ్యి ఉండేది కాదు. మనుషుల ఒంటి వేడి, కొన్నిచోట్ల కింది కొట్టంలో కట్టేసిన ఆవుల వేడి మాత్రమే ఆ గదిని వెచ్చగా ఉంచేవి. చలికాలంలో చీకటి పడగానే, దీపపు నూనె ఆదా కావడానికి ఇంట్లోవారు కాసేపు కునుకు తీసి, లేచి దీపం వెలిగించి, నిద్రవేళ దాకా ఉన్నిపనిలో కూర్చొనేవారు. ‘క్వోల్డ్‌వాకా’, అంటే సాయంకాలపు మేలుకువ, అని పిలిచే ఈ వేళలో ఒకరు ఉన్ని దువ్వితే, ఇంకొకరు వడికితే, పిల్లలతో సహా మిగిలినవారు అల్లితే, చదవడం బాగా వచ్చిన ఒక్కరు మాత్రం పని మాని, దీపం దగ్గర కూర్చొని, సాగాలనే పాత వచనగాథలను పైకి చదివేవారు, లేదా ‘రీముర్’ అనే ఛందోబద్ధ కథాగేయాలను రాగం తీసి పాడేవారు. చివరికి ‘హూస్‌లెస్తూర్’ అనే ఇంటి ప్రార్థనా పఠనంతో ఆ పూట ముగిసేది. బిషప్ యోన్ వీదలీన్ ఉపదేశాల సంపుటి, 1666లో హోలార్‌లో అచ్చయిన హాల్‌గ్రీముర్ పేతుర్సన్ 50 కీర్తనల పుస్తకం ఇందుకు తరతరాలుగా వాడుకలో ఉండేవి.

పిల్లలకు అక్షరాలు నేర్పే బాధ్యత తల్లిదండ్రులపై, చాలా ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలపై ఉండేది. 1741 నుంచి 1745 వరకు డెన్మార్క్ ప్రభుత్వం తరఫున ద్వీపమంతా తిరిగిన లుద్విగ్ హర్బో, ఆయన వెంట వెళ్లిన ఐస్‌లాండ్ పండితుడు యోన్ థోర్కెల్సన్, జనంలో చదవగలిగినవారు సుమారు సగం మందేనని గమనించారు. దాని పర్యవసానంగా వెలువడిన ఆజ్ఞలు, 1746 నాటి గృహ క్రమశిక్షణ శాసనంతో సహా, ఇంటి యజమానినే గురువుగా నిలబెట్టాయి. చర్చి గురువు ఏటా ఇల్లిల్లూ తిరిగి, పిల్లల పఠనాన్ని, మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంపై వారికున్న పట్టును పరీక్షించి, ఫలితాన్ని రిజిస్టరులో రాసుకొనేవాడు. ఆ శాసనం సాగాలను, రీముర్‌లను పనికిరాని కాలక్షేపంగా ఎంచి నిరుత్సాహపరిచినా, జనం వాటిని వదల్లేదు. పొద్దుపోయేదాకా చేతులు ఆడాలంటే చెవులకు కథ కావాలని ఇళ్లలోవారికి అనుభవంతో తెలుసు.

ఒంటి విషయానికి వస్తే, ధాన్యం పండని ఆ నేలపై శీతకాలపు తిండి అంతా వేసవిలో దాచుకొన్నదే: వెన్న రాసుకొని తినే ఎండుచేప, తోడుపెట్టి వడగట్టిన ‘స్కీర్’ అనే గట్టి పెరుగు, పులిసిన మజ్జిగతేటలో ఊరవేసిన మాంసం, కొండల్లో ఏరి పాలతో కాచే ‘ఐస్‌లాండ్ నాచు’ జావ. వెన్న చాలని ఇళ్లలో జంతువుల కొవ్వును చేప కాలేయపు నూనెతో కలిపి తినేవారు. ఎండ తగలని నెలల్లో ఒంటికి కరువయ్యే డి విటమిన్ ఆ నూనెలో పుష్కలంగా ఉంటుందని 20వ శతాబ్దపు శాస్త్రం తేల్చింది. దీపంలో వెలిగినదీ చేప కాలేయపు నూనే కావడంతో, పిల్లవాడి అక్షరానికి, ఎముకకు ఒకే వనరు ఆధారమైంది. పగటిపూట పశువుల మేత పని, మంచుపై జారడం, ‘గ్లీమా’ అనే కుస్తీ ఆ గదిలో బిగుసుకొన్న కీళ్లను కదిలించేవి.

అయితే ఈ జీవితాన్ని ఆదర్శంగా చిత్రించడం సరికాదు. జంతువుల పొరలు బిగించిన చిన్న కిటికీలు గల ఆ గదిలో దీపపు పొగ, చెమట, తడి ఉన్ని కలిసి గాలి బరువెక్కేది. కుష్ఠు, కుక్కల ద్వారా సోకే నీటితిత్తుల వ్యాధి దీర్ఘకాలం పీడించాయి. చలికాలం చివర స్కర్వీ తలెత్తితే, వసంతంలో మొలిచే పచ్చి ఆకుకూరలే దిక్కయ్యేవి. పసికందులకు తల్లిపాలకు బదులు ఆవుపాలు పట్టే ఆచారం వల్ల శిశుమరణాలు ఐరోపాలోకెల్లా ఎక్కువగా నమోదైన దేశాల్లో ఐస్‌లాండ్ ఒకటైంది. 1783లో మొదలైన లాకీ అగ్నిపర్వత విస్ఫోటనం తెచ్చిన కరువులో జనాభాలో సుమారు ఐదో వంతు నశించారు. ఇక చర్చికి కావలసింది పఠనమే కావడంతో, రాత చాలామందికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, చాలాకాలం అందలేదు.

ఈ లోటును గుర్తించే 1880 చట్టం రాతను, లెక్కలను పిల్లల చదువులో తప్పనిసరి చేసింది. 1907లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు నిర్బంధ విద్య వచ్చినప్పుడు కూడా, పదేళ్లలోపు పిల్లలకు చదవడం నేర్పే బాధ్యతను ఆ చట్టం ఇంటికే వదిలింది.