పుట్టిన సంవత్సరం తెలియని ట్రాన్స్‌ఫార్మర్

నేను కంప్యూటర్ సైన్స్ చదువుకున్నవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ గురించి నాకు తెలిసిందల్లా ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన రెండు చుట్టల బొమ్మ, ఆ పైన మా ఊరి చెరువు గట్టు మీద బుయ్యిమంటూ ఉండే డబ్బా. అంతే. అలాంటివాణ్ణి 2022లో ఇక్కడి ఒక కరెంటు కంపెనీలో (పేరు అనవసరం లెండి) డేటా మైగ్రేషన్ పనికి కన్సల్టెంటుగా వెళ్ళాను. పాత సిస్టంలో ఉన్న సామాను వివరాలన్నీ కొత్త సిస్టంలోకి ఎక్కించాలి. రొటీన్ పనే. కానీ ఆ పనిలో నేను చేసిన ఒక చిన్న తప్పు నన్ను నూట నలభై ఏళ్ళ వెనక్కి లాక్కెళ్ళింది. ఆ కథే ఇది.

అప్పట్లో వాళ్ళకొచ్చిన చిక్కు ఏమిటంటే, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు దొరకట్లేదు. కోవిడ్ తరవాత అమెరికా అంతటా అదే గోల. అంతకుముందు కొన్ని నెలల్లో వచ్చేవి కాస్తా ఏడాదికీ రెండేళ్ళకీ గానీ రామన్నాయి. దాంతో కంపెనీవాళ్ళ దృష్టి యార్డులో పడి ఉన్న పాతవాటి మీద పడింది. లైన్ల మీంచి దించేసినవీ, పక్క కంపెనీలనుంచి కొన్నవీ, ఎప్పుడో బాగుచేయించి పక్కన పెట్టినవీ. వాటిలో ఏవి పనికొస్తాయో ఏరి మళ్ళీ స్తంభాలెక్కిద్దామని ప్లాను. ఏరాలంటే లిస్టు కావాలి. లిస్టు నా చేతిలో ఉంది.

లిస్టులో మూడు వందల పైచిలుకు ట్రాన్స్‌ఫార్మర్లకి తయారైన తేదీ ఖాళీగా ఉంది. కొత్త సిస్టమేమో ఆ గడి ఖాళీగా ఉంటే రికార్డునే తీసుకోదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇలాంటప్పుడు ఏం చేస్తామో మీకు తెలుసుగా... ఒక డిఫాల్టు విలువ పడేసి ముందుకెళ్ళిపోతాం. నేను 1980 జనవరి 1 అని వేశాను. ఎందుకంటే పాత డాస్ కాలెండరు మొదలయ్యే తేదీ అది, చేతికి అలవాటైపోయింది. స్క్రిప్టు పరిగెత్తింది, ఎర్రర్లు సున్నా. హాయిగా కాఫీకి వెళ్ళిపోయాను.

మర్నాడు అక్కడ నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నా డెస్కు దగ్గరకొచ్చాడు. రిటైరవడానికి రెండు నెలలుందేమో. "ఇవన్నీ ఒకే రోజు పుట్టాయా?" అన్నాడు నవ్వుతూ. డిఫాల్టు తేదీ అని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆరు నెలలు ముందుకి జరిపి వేసినా బాగుండేది. 1979 జులై 2కి ఇటువైపు వేసి, వాటన్నిటికీ నువ్వొక్కడివే కడిగిన ముత్యాలని సర్టిఫికెట్ ఇచ్చేశావు" అన్నాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పీసీబీ అన్నాడు. పీసీబీ అంటే మనకి ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డే కదా! ఆయన చెప్పేది అది కాదు, పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే రసాయనాల గురించి. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినదీ, ఆ తరవాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

ట్రాన్స్‌ఫార్మర్ మొదటి కథ అందరికీ నచ్చేదే. 1880ల్లో లండన్‌లో గోలార్, గిబ్స్ అనే ఇద్దరు ఒక రకం ట్రాన్స్‌ఫార్మర్ చేసి చూపించారు. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు దాన్ని బాగా మెరుగుపరిచారు. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఆ పేటెంటు హక్కులు సంపాదించి, పని విలియం స్టాన్లీకి అప్పజెప్పాడు. స్టాన్లీకి ఒంట్లో బాగుండక పిట్స్‌బర్గ్ పొగ వదిలి మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ మూతబడిన ఒక రబ్బరు మిల్లులో డైనమో పెట్టి, 1886 మార్చి 20న మెయిన్ స్ట్రీట్ దుకాణాల్లో దీపాలు వెలిగించాడు. వోల్టేజి పెంచి దూరం పంపడం, చివర్లో మళ్ళీ తగ్గించి వాడుకోవడం. ఇవాళ మనూరికైనా మన్‌హట్టన్‌కైనా కరెంటు వస్తున్నది ఈ కిటుకుతోనే. 1890లో స్టాన్లీ పక్కనే ఉన్న పిట్స్‌ఫీల్డ్‌లో సొంత కంపెనీ పెట్టాడు. 1903లో దాన్ని జనరల్ ఎలక్ట్రిక్ కొనేసింది. పిట్స్‌ఫీల్డ్ ట్రాన్స్‌ఫార్మర్ల ఊరైపోయింది.

ఇక రెండో కథ. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. చల్లబరచడానికీ, చుట్టల మధ్య విద్యుత్తు దూకకుండా ఉండటానికీ దాన్ని మినరల్ ఆయిల్‌లో ముంచుతారు. కానీ ఆ నూనె అంటుకుంటుంది. భవనాల్లో, ఫ్యాక్టరీల్లో పెట్టాలంటే భయం. 1929లో అలబామాలోని ఆనిస్టన్‌లో పీసీబీల తయారీ మొదలైంది. ఆ ఫ్యాక్టరీని 1935లో మోన్‌శాంటో తీసుకుంది. త్వరగా అంటుకోదు, చెడిపోదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఇంజనీర్లకి ఇంతకన్నా ఏం కావాలి? జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని పైరనాల్ అనీ, వెస్టింగ్‌హౌస్ ఇనర్టీన్ అనీ పేరు పెట్టి వాడారు. చెడిపోకపోవడమే దాని గొప్ప. చివరికి చేటు చేసిందీ ఆ గుణమే. మట్టిలో, నీళ్ళలో, చేపల్లో, మనుషుల కొవ్వులో కూడా అది చెడిపోదు. 1968లో జపాన్‌లో, 1979లో తైవాన్‌లో తవుడు నూనెలో పీసీబీలు కలిసి వేలమంది జబ్బు పడ్డారు. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో మొదటి వర్గంలో పెట్టింది.

పిట్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో 1932 నుంచి 1977 దాకా పీసీబీలు వాడారు. అవి హూసటానిక్ నదిలోకి చేరాయి. ఫ్యాక్టరీ మట్టిని పల్లం పూడ్చుకోవడానికి ఊరివాళ్ళకి ఊరికే ఇచ్చేవారు. ఆ మట్టితోపాటు ఇళ్ళ పెరళ్ళలోకీ చేరాయి. ఉచితంగా వస్తోంది కదా అని తీసుకున్నారు పాపం. నది శుభ్రం చేసే ఒప్పందాన్ని 2000లో ఫెడరల్ కోర్టు ఆమోదించింది. మిగతా నదికి సంబంధించిన ప్రణాళిక ఒక కొలిక్కి రావడానికి 2020 అయింది. అందులో కొంత మట్టిని లీ అనే ఊళ్ళో పూడ్చాలన్నారు, అది ఆ ఊళ్ళో చాలామందికి మింగుడు పడలేదు. మ్యాపు చూస్తే నాకు ఇంకోటి కనపడింది. ఆ నది పిట్స్‌ఫీల్డ్ దాటి దక్షిణానికి వెళ్తూ గ్రేట్ బారింగ్టన్ గుండానే పోతుంది. స్టాన్లీ మొదటి దీపం వెలిగించిన ఊరే.

సరే, ఇదంతా నా ఖాళీ గడికి ఏమవుతుందని కదా మీ సందేహం? అక్కడికే వస్తున్నా.

1976లో అమెరికా కాంగ్రెస్ విష పదార్థాల నియంత్రణ చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనలు 1979 జులై 2 నుంచి అమల్లోకి వచ్చాయి. పీసీబీల తయారీ ఆగిపోయింది. వాడుకలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లని మాత్రం ఒక్కసారిగా పీకేయలేరు కదా, అందుకని వాటిని వర్గాలుగా విడగొట్టారు. నూనెలో పది లక్షల పాళ్ళకి 50 పాళ్ళలోపు పీసీబీ ఉంటే ఒక లెక్క, 50 దాటితే కలుషితమైనది, 500 దాటితే అసలు సిసలు పీసీబీ ట్రాన్స్‌ఫార్మర్. మరి పరీక్ష చేయనివాటి సంగతి? ఆ తేదీకి ముందు తయారై, మినరల్ ఆయిల్ ఉన్నదాన్ని, పరీక్ష చేసేదాకా, కలుషితమనే అనుకోవాలి. తేదీ తెలియకపోయినా అంతే. తేదీ, లోపల పోసిన ద్రవం రెండూ తెలియకపోతే 500 దాటినదానికిందే లెక్క. అంటే డిఫాల్టు విలువ ఏమిటో చట్టమే చెప్పింది. తెలియకపోతే చెడ్డదనుకో, అని. నేను దాన్ని తిరగేసి, తెలియకపోతే మంచిదనుకో అని రాశాను.

మినరల్ ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లోకి పీసీబీ ఎలా వచ్చిందని అడిగాను. "మీ ఇంట్లో శాకాహారులెవరైనా ఉన్నారా?" అన్నాడు పెద్దాయన. మా అమ్మమ్మ అన్నాను. "రెండు కూరల్లోనూ ఒకే గరిటె పెడితే ఆవిడ ఊరుకుంటుందా?" సరిగ్గా అదే జరిగిందట. ఫ్యాక్టరీల్లోనూ, మరమ్మతు షెడ్లలోనూ రెండు రకాల నూనెకీ అవే పంపులు, అవే గొట్టాలు, అవే తొట్లు. నేమ్‌ప్లేట్ మీద మినరల్ ఆయిల్ అని నిజాయితీగానే ఉంటుంది, లోపల మాత్రం కొంచెం ఇంకోటి. కాబట్టి ఒకసారి విప్పి బాగుచేసినదానికి పుట్టిన తేదీ ఒక్కటే సరిపోదు, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూడా తెలియాలి.

అయితే కొత్తదే కొనాలా? ఆయన అలా అనలేదు. పాతవాటి మీద ఆయనకి మంచి గౌరవం. 2014లో ఇంధన శాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ దేశంలోని పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల సగటు వయసు దాదాపు 40 ఏళ్ళు. అంటే దేశం సగం పాతవాటి మీదే నడుస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ వయసు కాలెండరు చెప్పదు, వేడి చెబుతుంది. లోపల తీగకి చుట్టిన కాగితం ఎంత మాడిందన్నదే దాని అసలు వయసు. ప్రతి 8 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే ఆ కాగితం ఆయుష్షు సగమవుతుందని 1930లోనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు మాంట్‌సింగర్ లెక్క కట్టాడు. సగం లోడుతో చల్లగా నడిచిన ముప్పై ఏళ్ళదానికి ఇంకా బోలెడు ఆయుష్షు ఉండొచ్చు. రోజూ ఓవర్‌లోడుతో నడిచిన పదేళ్ళది ముసలిదై ఉండొచ్చు. నూనెలో కరిగిన వాయువుల్ని పరీక్షిస్తే లోపల నిప్పురవ్వలు లేచాయో లేదో తెలుస్తుంది, మన రక్తపరీక్షలాగ.

పాతదానికి ఇంకో ఖర్చు ఉంది, ధర చీటీలో కనపడనిది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరూ కరెంటు వాడకపోయినా దాని ఇనప కోర్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది, రాత్రీ పగలూ. మాటవరసకి పాతది కొత్తదానికన్నా 200 వాట్లు ఎక్కువ తింటుందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు. 1,752 యూనిట్లు. యూనిట్ 12 సెంట్లయితే 210 డాలర్లు, ఇరవై ఏళ్ళకి 4,200. చవగ్గా వచ్చిందనుకున్న డబ్బంతా అక్కడికే సరి. 1934లో నార్మన్ గాస్ పేటెంటు తీసుకున్న కొత్తరకం ఉక్కు దగ్గర్నుంచి కోర్ తినే తిండి తగ్గుతూ వచ్చింది. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకి ఇక్కడ 2010 నుంచి ఒక కనీస సామర్థ్య ప్రమాణం, 2016 నుంచి ఇంకా గట్టిది వచ్చాయి. కానీ అవి కొత్తగా తయారయ్యేవాటికి. యార్డులో ఉన్న పాతదాన్ని అడిగేవాళ్ళు లేరు.

ఆయన చెప్పింది విన్నాక నాకు మా ఊరు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు వేసవిలో బోర్లన్నీ ఒకేసారి ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. రైతులంతా తలా ఇంత వేసుకుని, దాన్ని ట్రాక్టరెక్కించి, టౌన్లో మరమ్మతు షెడ్డుకి తీసుకెళ్ళేవారు. వారం పది రోజుల్లో పంట ఎండిపోతుంది మరి. తిరిగొచ్చేటప్పుడు మావాళ్ళు తీసుకెళ్ళింది వచ్చేది కాదు, ఇంకో ఊరిది ఏదో చుట్టి ఇచ్చేవారు. పైన మాత్రం రంగు తళతళలాడేది. పిల్లలం కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందని గెంతులేసేవాళ్ళం. ఒక ఏడాది అలా వచ్చినది పది రోజులు కూడా ఆడలేదు. మా పెదనాన్న వరి ఆ యేడు చేతికి రాలేదు. లోపల ఏ తీగ వేశారు, ఏ నూనె పోశారు, ఎన్నిసార్లు చుట్టారు అని ఎవరూ అడగలేదు. అడిగితే చూపించడానికి కాగితమూ లేదు. కొత్తదా పాతదా అని ఎంచుకునే అవకాశం మావాళ్ళకెప్పుడూ రాలేదు.

మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీది రంగుకీ, నేను వేసిన 1980 జనవరి 1కీ తేడా ఏముందా అని ఆలోచించాను. పెద్దగా లేదనిపించింది.

స్క్రిప్టు వెనక్కి తిప్పాను. కొత్త సిస్టంలో "తెలియదు" అనే విలువ పెట్టించడానికి మూడు మీటింగులయ్యాయి (ఒక పదం కోసం మూడు మీటింగులు!). ఆ మూడు వందల పైచిలుకూ పక్కకి పోయాయి. ప్రాజెక్టు ఆరు వారాలు ఆలస్యమైంది, నా కాంట్రాక్టు పొడిగించరేమోనని భయం కూడా వేసింది. ఒక్కోదాన్నుంచీ నూనె తీసి పరీక్షకి పంపారు. చాలావాటిలో ఏమీ లేదు. పదకొండింటిలో 50 దాటింది. ఒకదాన్లో 500 కూడా దాటింది. దాని నేమ్‌ప్లేట్ మీద కొత్తగా, శుభ్రంగా రంగు వేసి ఉందట.

స్టాక్‌హోమ్ ఒప్పందం (2001) ప్రకారం సంతకం పెట్టి ధృవీకరించిన దేశాలు పీసీబీ సామానుని 2025కల్లా వాడుకలోంచి తీసేయాలి. మన దేశం 2006లో ధృవీకరించింది. అమెరికా సంతకమైతే పెట్టింది గానీ ధృవీకరించలేదు. గడువులు కాగితం మీద బానే ఉంటాయి. కానీ తీసేయాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి కదా.

పెద్దాయన రిటైరయ్యేరోజు, ఇంతకీ కొత్తదా పాతదా, ఏది కొనమంటారని అడిగాను. "చరిత్ర తెలిసిన పాతది కొను. లేదా రెండేళ్ళు ఆగి కొత్తది కొను. చరిత్ర తెలియనిది మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకు" అన్నాడు. పిట్స్‌ఫీల్డ్‌లో ఊరికే ఇచ్చిన మట్టి గుర్తొచ్చింది నాకు.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టులోనైనా ఖాళీ గడి కనపడితే చెయ్యి కాస్త ఆగుతోంది.