గుంటూరు గ్రహణం నుంచి గో-టూ మౌంట్ దాకా

1868 ఆగస్టు 18 ఉదయం చంద్రుడి నీడ బీజాపూర్ వైపు నుంచి వచ్చి, గుంటూరు దాటి, బందరు దగ్గర సముద్రంలో దిగింది. దాని వెడల్పు రెండొందల కిలోమీటర్ల పైమాటే. జగ్గయ్యపేట, నందిగామ కూడా ఆ దారిలోనే ఉన్నాయి. ఆ రోజు గుంటూరులో ఉన్న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అదే ఊళ్లో, అదే గ్రహణానికి ఫొటోలు తీసిన మేజర్ టెనంట్‌ను మాత్రం మనం మరిచిపోయాం. తెలుగు నేల మీద చుక్కల ఫొటోగ్రఫీ కథ చెప్పాలంటే నేను ఆయనతోనే మొదలుపెడతాను.

టెనంట్ దగ్గర వెండి పూత పూసిన తొమ్మిది అంగుళాల అద్దంతో పనిచేసే టెలిస్కోపు ఉంది. ఆనాటి ఫొటో ప్లేటు తడిది. గాజుపలక మీద కొలోడియన్ పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆరిపోకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి. ఆగస్టు ఉక్కలో, పల్చటి మబ్బు అడ్డుపడుతుండగా, సంపూర్ణ గ్రహణం నిలిచిన ఐదు నిమిషాల చిల్లరలో ఆరు ప్లేట్లు తీశారు. టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పడానికి గడియారపు యంత్రం బిగించి ఉంది. ఈ కథలో అసలు పాత్ర ఆ యంత్రానిదే. భూమి తిరుగుతుంది కాబట్టి చుక్క గంటకు పదిహేను డిగ్రీలు పడమటికి జరుగుతుంది. కెమెరా ఎంత మంచిదైనా కదలకుండా పెడితే చుక్క గీతవుతుంది. నూట యాభై ఏళ్లుగా ఈ విద్యలో వచ్చిన మార్పులన్నిటికీ మూలం ఆ ఒక్క చిక్కే.

విశాఖ డాబాగార్డెన్స్‌లో అంకితం వెంకట నరసింగరావు సొంత ఖర్చుతో వేధశాల నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. అయితే ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా ఫొటోలు తీసిన చోటు హైదరాబాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన వేధశాలను ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి చుక్కల స్థానాలు లెక్కకట్టాలని 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు తలపెట్టిన పనిలో ఒక వాటా దీనికి దక్కింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ అది. మొదట చిలీలోని శాంటియాగోకు ఇచ్చి, అక్కడ సాగకపోవడంతో ఇటు మళ్లించారు.

హైదరాబాదులోని ఆ బేగంపేట వేధశాలలో ఈ పని ఎలా జరిగేదో ఊహిస్తే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. ఫొటో తీసే గొట్టానికి జంటగా చూసే గొట్టం ఒకటి ఉంటుంది. ప్లేటు మీద వెలుగు పడుతున్నంతసేపూ ఒక మనిషి ఆ రెండో గొట్టానికి కన్ను ఆనించి, అడ్డంగా నిలువుగా ఉన్న సన్నని దారాల కూడలిలో ఒక చుక్కను పట్టి ఉంచాలి. యంత్రం కొంచెం తడబడితే మీట నొక్కి సరిచెయ్యాలి. తర్వాత పగలంతా ప్లేటును సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్కనూ కొలవాలి. టి.పి. భాస్కరన్ అధిపతిగా ఉన్న కాలంలో ఇందులో పెద్ద భాగం పూర్తయింది. పన్నెండు సంపుటాల్లో ఏడు లక్షల అరవై వేలకు పైగా చుక్కల కొలతలు అచ్చయ్యాయి. కొలిచినవాళ్లలో చాలామంది పేర్లు మనదాకా రాలేదు.

ఇదంతా సంస్థల చేతిలోని పని. ఇంటి డాబా మీద మామూలు మనిషి చేసే రోజు రావడానికి చాలా కాలం పట్టింది. 1975లో స్కాట్లాండ్‌కు చెందిన హేగ్ అనే ఔత్సాహికుడు రెండు చెక్కలు, ఒక బందు, ఒక మరబోల్టుతో చేసిన పరికరం గురించి రాశారు. దీన్ని జగ్గయ్యపేటలో ఏ వడ్రంగి అయినా ఒక పూటలో చేసిపెట్టగలడు. రెండు చెక్కలను తలుపు బందుతో కలపాలి. బందు ఇరుసు నుంచి సరిగ్గా 229 మిల్లీమీటర్ల దూరంలో, మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు కదిలే ఎం6 బోల్టు దించాలి. బందు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి, బోల్టును నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క ఆకాశంతో సమానంగా లేస్తుంది. మామూలు 50 ఎం.ఎం. లెన్సుతో కదలని స్టాండు మీద ఆరేడు సెకన్లకే గీతలుపడే చుక్కలు, దీని మీద రెండు మూడు నిమిషాలు చుక్కల్లాగే నిలుస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారైనా దీన్ని చేతితో తిప్పి చూడాలని నా కోరిక. ఆకాశం ఎంత నెమ్మదిగా, ఎంత కచ్చితంగా తిరుగుతుందో వేళ్లకు తెలుస్తుంది.

టెలిస్కోపును మోసి తిప్పే పీఠాన్నే మౌంట్ అంటారు. అడిగిన చోటికి తనే తిరిగే కంప్యూటర్ మౌంట్, అంటే గో-టూ మౌంట్, 1987లో సెలెస్ట్రాన్ కంప్యూస్టార్‌తో బజారులోకి వచ్చింది. 1992లో మీడ్ ఎల్ఎక్స్200 దాన్ని మరింతమందికి చేర్చింది. ఊరు, తేదీ, సమయం ఇచ్చి రెండు మూడు చుక్కలు చూపిస్తే, అడిగిన నీహారిక వైపు తనే తిరుగుతుంది. ఇప్పుడు చుక్కలు చూపించే పని కూడా తగ్గింది. కెమెరా ఒక ఫొటో తీస్తే, ల్యాప్‌టాప్ అందులోని చుక్కల అమరికను చుక్కల స్థానాల పట్టికతో పోల్చి ఎటు చూస్తున్నదీ చెప్పేస్తుంది. బేగంపేట మనిషి కన్ను చేసిన పనిని గైడ్ కెమెరా చేస్తుంది.

ఆ పట్టిక దగ్గర కొంచెం ఆగాలి. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో ఇరవై అయిదు లక్షల చుక్కలున్నాయి. చుక్కలు ఏళ్లు గడిచేకొద్దీ ఎంత జరిగాయో తేల్చడానికి ఒక ఉపగ్రహం తీసిన కొలతల పక్కన పాత ప్లేట్ల కొలతలు పెట్టారు. వాటిలో హైదరాబాదు సంపుటాలూ ఉన్నాయి. ఫొటో చూసి దిక్కు చెప్పే ఆస్ట్రోమెట్రీ.నెట్ లాంటి ప్రోగ్రాములు టైకో-2ను వాడతాయి. నందిగామ డాబా మీద కుర్రాడు బటన్ నొక్కినప్పుడు బేగంపేట శ్రమ కూడా అతనికి పనిచేసి పెడుతోంది.

అయితే మౌంట్ తెలివి పెరిగినా ఇరుసును ధ్రువానికి సరిపెట్టే పని మనిషికే మిగిలింది. మన ప్రాంతంలో అది కొంచెం కష్టం. ఏ ఊళ్లోనైనా ధ్రువ నక్షత్రం ఎత్తు ఇంచుమించు ఆ ఊరి అక్షాంశమే. నందిగామలో అది పదిహేడు డిగ్రీల లోపు, అంటే చాచిన చేతి పిడికిళ్లు ఒకటిన్నరకు కాస్త ఎక్కువ. ఖమ్మం వైపు దుమ్ము లేచినా, చెట్టో వాటర్ ట్యాంకో అడ్డమొచ్చినా కనబడదు. మౌంట్‌ను అంత కిందికి వంచితే కొన్నిటికి బరువుల కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. కొనేముందే ఇది చూసుకోవాలి. ధ్రువుడు కనబడకపోయినా ఆకాశంలో మూడు చోట్ల ఫొటో తీసి తప్పు లెక్కగట్టే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. డబ్బు పరిమితంగా ఉంటే మొదటి ఖర్చు మౌంట్ మీదే పెట్టాలి, ఉన్న కెమెరా చాలు. మౌంట్ మోస్తుందని కంపెనీ చెప్పిన బరువులో సగానికి కాస్త పైదాకానే ఎక్కించాలి.

విజయవాడ వెలుగు నందిగామ ఆగ్నేయ ఆకాశాన్ని పాడుచేస్తోంది, హైవే దీపాలు దానికి తోడు. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వైపు కృష్ణ ఒడ్డుకు వెళ్తే దక్షిణం ఇంకా కొంత నయం. మనకు దక్కే అదృష్టం కూడా ఆ దిక్కునే ఉంది. లండన్‌లో అసలు ఉదయించని ఒమేగా సెంటారీ ఇక్కడ ఇరవై ఐదు డిగ్రీల పైకి లేస్తుంది. దాదాపు కోటి చుక్కలున్న గుచ్ఛం అది, దూరం పదిహేడు వేల కాంతి సంవత్సరాలు. ఏప్రిల్ నడిమి అమావాస్య రోజుల్లో అర్ధరాత్రి వేళకు నేరుగా దక్షిణాన ఉంటుంది. రెండు చెక్కల పరికరం మీద 135 ఎం.ఎం. లెన్సు పెట్టి ముప్పై సెకన్ల చొప్పున ఫొటోలు తీసి, సిరిల్ లాంటి ఉచిత ప్రోగ్రాములో కలిపినా అది ఒక్క చుక్క కాదని స్పష్టంగా తెలుస్తుంది.