సుయాణియు మంత్రసానియు

గుజరాతీ భాషలో ప్రసవము చేయించు స్త్రీని సుయాణి యందురు. దాయి యను మాటయు గలదు. పురిటి దినములకు సువావడ్ అనియు, బాలింతకు సువావడీ అనియు పేర్లు. సంస్కృతమందలి సూతికా శబ్దమునకు ఈ మాటలు దగ్గరి చుట్టములవలె చెవికి దోచును. గుజరాతీ కథను తెనిగించువాడు సుయాణికి సరియైన మాటకై వెదకుకొననక్కరలేదు. మంత్రసాని మనకు సిద్ధముగ నున్నది. 1852 నాటి బ్రౌను నిఘంటువులో ఆ మాట కలదు. చిక్కు మాటలో లేదు, దాని వెంట వచ్చు ధ్వనిలో నున్నది. "మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలయును" అను సామెతను మనము నవ్వుచు వాడుదుము. ఆ నవ్వులో ఒక వృత్తిని గూర్చిన చిన్నచూపు దాగియున్నది. ఆ చిన్నచూపు ఎట్లు కలిగినదో, అందు న్యాయ మెంతయో విచారింపవలసి యున్నది. అందులకు సూరతు నగరము మంచి తావు.

సూరతు మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణపు పద్మశాలీలు షోలాపురమునకును, భివండికిని పోయినట్లే ఈ తాపీనదీ తీరపు మరమగ్గములకును తరతరములుగ వలస పోయిరి. వారి పిల్లలకై అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపుచు వచ్చినది. తొలి కాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారము గుజరాతీలకును గలదు, మనకును గలదు. ఏడవ నెలలో మనము సీమంతము చేసినట్లే వారు చూలాలి ఒడి నింపి ఖోళో భరుట యందురు. పురుడు విషయమున ఈ రెండు జాతులకును వియ్యమందుటకు అభ్యంతర మేమియు లేదు.

1895 లో ఈ నగరమున స్త్రీల వైద్యశాలకు ప్రధాన వైద్యాధికారిణిగా ఒకామె వచ్చెను. ఆమె పేరు రఖ్మాబాయి. వైద్యురాలగుటకు ముందే ఆమె పేరు హిందూదేశమంతటను, ఇంగ్లండునందును మారుమ్రోగి యుండెను. ఆమె 1864 లో బొంబాయిలో జన్మించెను. తల్లి జయంతీబాయి పదునైదవ యేట ఆమెను కని, పదునేడవ యేట భర్తను గోల్పోయెను. ఆమె పునర్వివాహము చేసికొన్న డాక్టరు సఖారాం అర్జున్ వైద్యుడు, విద్యాభిమాని. రఖ్మాబాయికి పదునొకండవ యేట దాదాజీ భికాజీ అను యువకునితో వివాహమయ్యెను గాని ఆమె కాపురమునకు పోలేదు. 1884 లో దాదాజీ న్యాయస్థానమున దావా వేసెను. మరుసటి యేడు జస్టిస్ పిన్హీ ఆమె పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలుపై వ్యాజ్యము తిరుగబడి, 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ భర్త యింటికి పొమ్మని, పోనిచో ఆరు నెలలు కారాగారమని ఆజ్ఞాపించెను. కారాగారమే మేలని ఆమె సమాధానము. 1888 లో రెండువేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ తన హక్కును వదలుకొనెను. మరుసటి యేడు ఆమె లండను స్త్రీల వైద్యవిద్యాలయమున చేరి, 1894 లో పట్టము పొంది, స్వదేశమునకు వచ్చి సూరతు చేరెను. రెండు దశాబ్దములకు పైగా అచ్చటనే యుండెను. 1918 లో రాజకోటలోని స్త్రీల ఆసుపత్రికి పోయి, 1929 వరకు పనిచేసి, 1955 లో కన్నుమూసెను.

ఈ వ్యాజ్యమును గూర్చి వ్రాయువారు సాధారణముగా దానిని స్త్రీ స్వాతంత్ర్య చరిత్రలో నొక అధ్యాయముగ చదివి అంతటితో నిలుపుదురు. నాకు మాత్రము వ్యాజ్యము కంటె తరువాతి సూరతు సంవత్సరములే ముఖ్యములుగ దోచును. 1885 లో "ఒక హిందూ స్త్రీ" అను మారుపేరుతో బొంబాయి పత్రిక టైమ్స్ ఆఫ్ ఇండియాకు శిశు వివాహములను గూర్చి లేఖ వ్రాసిన చేయియే, పదేండ్ల తరువాత సూరతులో ప్రసవవేదన పడు స్త్రీల నాడి పట్టినది. బాల్యవివాహమును గూర్చి ఉపన్యసించిన సంస్కర్తలు పెక్కుమంది. దాని ఫలమును పురిటిమంచముపై కన్నులార చూచిన వారు అందు కొందరే.

ఆ ఫలమేమో చెప్పవలయును. పదుమూడు, పదునాలుగేండ్ల బాలికకు కటి యెముకలు పూర్తిగ ఎదిగి యుండవు. శిశువు తల దిగుటకు దారి చాలదు. రెండు మూడు దినములు నొప్పులు పడి, తల్లియో, బిడ్డయో, ఇరువురునో పోవుట ఆ కాలమున అరుదు కాదు. మన గురజాడవారు కన్యాశుల్కపు ఆంగ్ల పీఠికలో విజయనగర మహారాజు తయారు చేయించిన కన్యాశుల్క వివాహముల జాబితాను ప్రస్తావించిరి. ఆ జాబితాలోని బాలికలు తరువాత ఎందరు పురిటిలో బ్రదికిరో ఏ జాబితాయు చెప్పదు. 1891 నాటి సమ్మతి వయస్సు చట్టము, రఖ్మాబాయి వ్యాజ్యము రేపిన కలకలమును గూడ ఊతగ గొని వచ్చినది, పది యేండ్ల హద్దును పండ్రెండుకు పెంచెను. అంతియే!

దీనికి తోడు ఘోషా. 1928 లో కాత్లీన్ వాన్ అను వైద్యురాలు ఘోషాకును మాతృత్వమునకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. సూర్యరశ్మి సోకక, సరియైన తిండిలేక యెముకలు మెత్తబడు వ్యాధి లోగిళ్ళలో మూసియుంచిన స్త్రీలకు వచ్చుననియు, అందుచేత కటి వంకరపోయి కాన్పు దుర్ఘటమగుననియు, ఎండలో పనిచేయు స్త్రీలకు ఈ బాధ లేదనియు ఆమె చూపెను. రఖ్మాబాయియు ఉద్యోగ విరమణానంతరము ఘోషా నిర్మూలనము కావలెనని ఒక చిన్న పొత్తము వ్రాసెను.

ఇట్లు దారి మూసికొనిపోయిన కాన్పునకు పిలువబడునది సుయాణి. చేతగానిచో నింద ఆమెపై పడును. ఆమె దోషములు లేవని నేననను. మాసిన గుడ్డలు, కడుగని చేతులు, బొడ్డు కోయుటకు దొరికిన కొడవలి, నొప్పులు రాకముందే ముక్కుమని తొందరపెట్టుట, పురిటిగదిలో పొగ — ఇవన్నియు నిజములే. బొడ్డుద్వారా సోకిన ధనుర్వాతము పసికందులను వేలకొలదిగ మ్రింగినది. డఫరిన్ ప్రభువు భార్య పేర 1885 లో వెలసిన నిధి స్త్రీ వైద్యులను తయారు చేయుటకును, కర్జన్ ప్రభువు భార్య 1903 లో స్థాపించిన విక్టోరియా స్మారక విద్యార్థివేతన నిధి దాయీలకు శిక్షణ నిచ్చుటకును పుట్టినవి. ఈ రెండవ నిధివారు 1918 లో ఒక నివేదిక ప్రకటించిరి. నాటి వైద్యుల అనుభవములతో కూడిన ఆ నివేదికలో దాయి చిత్రము నల్లగా నున్నది.

అయితే అదే శతాబ్దపు ఐరోపా చరిత్రను ప్రక్కన పెట్టి చూడవలయును. వియన్నా మహావైద్యశాలలో రెండు ప్రసూతి విభాగము లుండెను. ఒకదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. 1846 లో మొదటిదానిలో నూటికి పదునొకండుగురు తల్లులకు పైగా సూతికాజ్వరముతో చనిపోగా, మంత్రసానుల విభాగమున ముగ్గురికి లోపుగనే పోయిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పు చేయుట దీనికి కారణమని సెమ్మెల్‌వైస్ 1847 లో కనిపెట్టి, క్లోరిన్ నీటితో చేతులు కడిగించెను. మరుసటి యేటికి మొదటి విభాగపు మరణములు నూటికి ఒకటి చిల్లరకు దిగినవి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1871 లో లెక్కలు వేసి ప్రసూతిశాలల కంటె ఇండ్లే తల్లులకు క్షేమమని వ్రాసెను. కనుక పందొమ్మిదవ శతాబ్దమున మురికిచేయి నల్లవారి గుడిసెలోనే గాక ప్రొఫెసరుల కోటు జేబులోను ఉండెను. ఒకరిది అజ్ఞానమని, ఒకరిది శాస్త్రమని పేర్లు మాత్రము వేరు.

సుశ్రుత సంహిత శారీరస్థానమున ప్రసవ సమయమునకు నలుగురు స్త్రీలు ఉండవలెనని చెప్పబడినది: వయస్సు మీరినవారు, కాన్పు చేయించుటలో నేర్పరులు, గోళ్ళు తీసికొన్నవారు. ఈ చివరి విశేషణము చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. గోళ్ళు తీసికొమ్మను మాట వియన్నాకంటె ఎన్నో శతాబ్దములు ముందుది. ఆ మాట గ్రంథమున నిలిచి, గుడిసెకు చేరకపోవుటకు కారణము కులము. బొడ్డు కోయుట, మాయ పూడ్చుట మైల పనులని మన పూర్వులు వానిని మంగలి, చాకలి, మాదిగ స్త్రీల పాలు చేసిరి. గ్రంథము చదువువాడు ఆ స్త్రీ చేయి తాకడు. ఆ స్త్రీ గ్రంథము తాకరాదు. తల్లి ప్రాణము ఈ ఇరువురి నడుమ నలిగినది.

ఇక తిండి మాట. సుశ్రుతుడు గర్భిణికి నెలనెలకును ఆహారము చెప్పెను. తొలి మూడు నెలలు తీయనిది, చల్లనిది, ద్రవమైనది; నాల్గవ నెలలో పాలు, వెన్న; ఐదవ నెలలో పాలు, నేయి; ఆరవ నెలలో పల్లేరుతో కాచిన నేయి. నాల్గవ నెలలో ఆమెకు రెండు హృదయము లుండునని, అందుచే ఆమె కోరినది పెట్టవలెనని శాస్త్రము. రఘువంశమున కాళిదాసు సుదక్షిణ నోట మట్టివాసన చెప్పెను. మన ప్రబంధకవులకును చూలాలి కోరికలు ప్రీతిపాత్రములే. మన్ను తినవలెనను కోరిక రక్తములో ఇనుము కొరవడిన స్త్రీలయందు తరచుగ కనబడునని నేటి వైద్యులు చెప్పుదురు. రాజపత్నియందు అది శృంగారము. కూలిస్త్రీయందు అది రోగలక్షణము. జాతీయ కుటుంబారోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారము దేశమున గర్భిణులలో నూటికి 52.2 మందికి రక్తహీనత గలదు, గుజరాతులో 62.6 మందికి.

నేయి, వెల్లుల్లి, శొంఠి, బెల్లము మనవారు పెట్టకపోలేదు. కాని ఎప్పుడు పెట్టిరి? బిడ్డ పుట్టిన పిదప. గుజరాతీ యింట బాలింతకు ముప్పదిరెండు దినుసుల కాట్లు, గోందు పాకము, సువా గింజలు — మన సోయికూర విత్తులవంటివి — నమలుటకిత్తురు. మనయింట శొంఠి, మిరియములు, పిప్పళ్ళు కలిపిన కాయము. ఈ వైభవమంతయు కాన్పు తరువాతిది. అంతకు ముందు తొమ్మిది నెలలు ఆమె అందరికంటె వెనుక, అందరికంటె తక్కువ తినును. ఎక్కువ తిన్నచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని అత్తలు చెప్పుట రెండు ప్రాంతములందును వినబడును. ఇరుకైన కటిగల బాలవధువుల కాలమున పుట్టిన ఈ భయము, బాలవధువు పోయినను పోలేదు. సీమంతమునాడు మాత్రము ఒక్కపూట విందు! సజ్జరొట్టె, సూరతీ చిక్కుడు, నువ్వులు, వేరుసెనగ, మనవైపు రాగి, తోటకూర, కందిపప్పు — ఇవి ధనికుల వస్తువులు కావు. వడ్డించు వరుస మారిన చాలు. పుట్టిన వెంటనే ముర్రుపాలు పిండి పారబోయుట, బాలింతకు నీరు తగ్గించుట వంటివి మంత్రసాని ఒక్కతె చేసినవి కావు. ఇల్లంతయు కలిసి చేసినది. ఉమ్మడి రాష్ట్రమున 2013 లో మొదలై, 2015 నుండి తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి యను పేర నడచిన పథకము చూలాలిని అంగన్‌వాడీకి పిలిచి, అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలు అచ్చటనే కూర్చుండబెట్టి పెట్టినది. ఇంటికి ఇచ్చినచో ఎవరు తిందురో ఎరిగినవారి ఆలోచన యది.

2005 లో జాతీయ గ్రామీణారోగ్య ప్రణాళికతోపాటు ఆసుపత్రి కాన్పునకు సొమ్మిచ్చు జననీ సురక్షా యోజన వచ్చెను. దాయీల శిక్షణ వెనుకబడెను. ఆసుపత్రి కాన్పుల వలన తల్లుల మరణములు తగ్గినవనుటలో సందేహము లేదు. కాని మన యింట తక్కెడ రెండవవైపు మ్రొగ్గినది. అదే సర్వేలో కోత కాన్పులు దేశమున నూటికి 21.5, గుజరాతున 21, తెలంగాణమున 60.7! కోత కాన్పులు నూటికి పదిని మించినచో జనసమూహమున తల్లీబిడ్డల మరణములు మరింత తగ్గుట కనబడదని ప్రపంచారోగ్య సంస్థ 2015 లో చెప్పియున్నది. పంచాంగము చూచి ముహూర్తమునకు బిడ్డను కోసి తీయించుకొను కుటుంబములును మనకు గలవు. గ్రహములు ఇంతటి విధేయతను ఏ యుగమునను చూచి యుండవు. 2005 లో గుజరాతు ప్రభుత్వము చిరంజీవి పథకమున ప్రైవేటు వైద్యునకు వంద కాన్పులకు మొత్తము ఇంత యని, కోసినను కోయకున్నను ఒకే లెక్కగ కట్టియిచ్చెను. కత్తికి ప్రత్యేక కూలి లేకుండ చేయుట అందలి కిటుకు. ఒకనాడు సుయాణి అజ్ఞానమని మనము చూచిన చోట బాల్యవివాహము దాగియున్నట్లే, నేడు తల్లి బలహీనత యని చెప్పుకొను చోట కూలి లెక్క దాగియుండుట కద్దు.

సూరతుకు నేతగాండ్రను పంపిన జిల్లాలలో కరీంనగరము ఒకటి. 2017 లో ఆ కరీంనగరముననే తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి ముప్పదిమంది నర్సులకు పదునెనిమిది నెలల మంత్రసాని శిక్షణ నారంభించెను. 2018 లో కేంద్ర ప్రభుత్వము దేశమునకంతకు మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. నొప్పులు పడు స్త్రీని వెల్లకిల పరుండబెట్టక నడిపించుట, త్రాగుటకిచ్చుట, కూర్చుండియో ఒరిగియో కనుటకు తోడ్పడుట, ప్రక్క విడువక మాటలాడుట, ఆపద పొడసూపినచో ఆలస్యములేక వైద్యుని పిలుచుట వీరి పని. ఈ చివరిది పాత మంత్రసానికి లేని సౌకర్యము. ఆమెకు పిలుచుటకు ఎవరును లేరు.

పత్రికలు ఈ నర్సులను మిడ్‌వైఫ్‌లని వ్రాయుచున్నవి. మంత్రసాని యని వ్రాయుటకు ఎవరికిని చేయి రాలేదు.