నల్ల గుర్రం, 666, మా ఎదురింటి అవ్వ

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని కొన్ని నెలలు రాయచోటిలోనే ఉన్నాను. ఒకరోజు మా ఎదురింటి అవ్వ ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఆ సూది ఏసుకుంటే నుదుటిమీద మృగం ముద్ర పడతాదంట గదా నాయనా?" అని అడిగింది. ఎవరో పంపిన వీడియో. అవ్వకి షుగర్ ఉంది, వయసు డెబ్భై దాటింది. నవ్వి ఊరుకునే సంగతి కాదు. నేను క్రైస్తవుణ్ణి కాను, కానీ ఆ రాత్రి ప్రకటన గ్రంథం తీసి కూర్చున్నాను.

ఇంతకుముందు బార్‌కోడ్ గురించి కూడా ఇదే పుకారు. మొదట్లో, మధ్యలో, చివర్లో ఉండే జంట గీతలు 6 అంకెలా కనిపిస్తాయి కాబట్టి అది 666 అట. నిజానికి ఆ గీతలు అంకెలే కావు, స్కానర్‌కి హద్దులు చూపే గుర్తులు. మన భాషలో చెప్పాలంటే డీలిమిటర్ని డేటా అనుకున్నారన్నమాట.

సరే, విషయానికొద్దాం. 13వ అధ్యాయంలో యోహాను ఆ సంఖ్యను లెక్కపెట్టమంటాడు, అది మనిషి సంఖ్య అంటాడు. అంటే అప్పటి పాఠకుడికి లెక్కకు అందేదే. హీబ్రూలో అక్షరాలకే విలువలుంటాయి. నీరో కైసరు పేరును గ్రీకు ఉచ్చారణలో హీబ్రూ అక్షరాలతో రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200. కూడండి, 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 666 బదులు 616 ఉంటుంది. లాటిన్ పద్ధతిలో "నీరోన్" చివరి నకారం తీసేస్తే 50 తగ్గి సరిగ్గా 616! ఒకే పేరు రెండు స్పెల్లింగుల్లో రెండు సంఖ్యలకీ సరిపోవడం నాకైతే యాదృచ్ఛికం అనిపించదు. ఎక్కువమంది పండితులదీ ఇదే మాట.

మనకిది కొత్తేమీ కాదు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు కటపయాది తెలుసు: ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, తిప్పి చదివితే 29వ మేళకర్త. శాసనాల్లో శకసంవత్సరాన్ని "నేత్ర", "వేద", "బాణ" అని రాస్తే 2, 4, 5 అని చదువుకుంటాం. ఆ పద్ధతి తెలియనివాడు శాసనం చూసి రాజుగారికి కన్నుజబ్బు అనుకోవచ్చు.

మిగతా గుర్తుల్లో కొన్నింటికి అర్థం ఆ పుస్తకాల్లోనే ఉంది. దానియేలు ఎనిమిదో అధ్యాయంలో రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ, పారసీక రాజులనీ, మేకపోతు గ్రీకు రాజనీ దూతే చెప్పేస్తాడు. ప్రకటనలో ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు. ఏడు తలలు ఏడు కొండలు అనగానే రోమ్ గుర్తుకు రానివాడు ఆ రోజుల్లో ఉండడు. బబులోను అనడం కూడా రోమ్‌నే. క్రీ.పూ. 586లో బబులోను కూల్చినట్టే క్రీ.శ. 70లో రోమ్ యెరూషలేము ఆలయాన్ని కూల్చింది. చక్రవర్తిని పేరుపెట్టి తిట్టలేని కాలం, అందుకే ఆ మారుపేర్లు.

ఇవన్నీ పక్కనపెట్టి తేదీలు లెక్కవేసినవాళ్ళకు లోటు లేదు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలులోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి 1843 అన్నాడు. సున్నా సంవత్సరం లేదు కదా, ఆఫ్-బై-వన్! సవరించాక 1844 అక్టోబర్ 22 అన్నారు. ఆ రోజూ ఏమీ జరగలేదు. మనం నవ్వనక్కర్లేదు, మన కడప జిల్లా బ్రహ్మంగారి కాలజ్ఞానంలోనూ ప్రతి వార్తా జరిగాకే దొరుకుతుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఆరో అధ్యాయంలోని నల్ల గుర్రం. దానిమీద కూర్చున్నవాడి చేతిలో త్రాసు. ఒక దేనారానికి ఇంచుమించు లీటరు గోధుమలు అన్న ధర వినిపిస్తుంది. దేనారం అంటే ఒక రోజు కూలి, ఆ గోధుమలు ఒక మనిషికి ఒక రోజు తిండి. పెళ్ళాం బిడ్డలకు ఏమీ మిగలదు. నూనెను, ద్రాక్షారసాన్ని మాత్రం ముట్టొద్దట! వేళ్ళు లోతుగా దిగిన తోటలకు ఏమీ కాదు, గింజ పంట పోతుంది. మా వైపు చెనక్కాయ పైరు ఎండిపోయినా బోరున్న మామిడితోట పచ్చగా ఉన్నట్టు.

ఇది చదువుతుంటే 1876-78 కరువు గుర్తొచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలై కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఊడ్చేసింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు, విందులు. అదే నెలలో మద్రాసు రాష్ట్రానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. త్రాసు పట్టుకున్నవాడికి ఇంతకంటే సరైన బొమ్మ నాకు తెలియదు. అప్పటికి తెలుగులో కొత్త నిబంధన అచ్చయి యాభై ఏళ్ళు దాటింది. లండన్ మిషన్ వాళ్ళు 1822 నుంచే కడపలో ఉన్నారు. ఆ ఏడాది మనవైపు ఆ అధ్యాయం చదివి వినిపించి ఉంటే, విన్నవాడికి టీకాతాత్పర్యాలు అవసరమై ఉండవు.

మర్నాడు అవ్వకి నీరో లెక్క కాగితంమీద వేసి చూపించాను. "అట్లనా" అంది, అంతే. నల్ల గుర్రం సంగతి చెబితే మాత్రం వాళ్ళ జేజి చెప్పిన కరువు కథలు గంటసేపు చెప్పింది. సూది రెండు వారాల తర్వాత వేయించుకుంది. నా లెక్క వల్ల కాదు, మనవరాలి పెళ్ళికి బెంగుళూరు పోవాలి కాబట్టి.