అమెరికా కృతజ్ఞతా దినం, యూదు ధర్మశాస్త్రం
అన్యజనుల కట్టడలను అనుసరించరాదన్న లేవీయకాండపు ఆజ్ఞ (18:3) పొరుగువారి పండుగలకు ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ యూదు ధర్మశాస్త్రమైన హలాఖాలో చాలా పాతది. సుమారు క్రీ.శ. 200లో సంకలితమైన యూదు మౌఖిక ధర్మసంపుటి మిష్నా ప్రకారం కలెండా, సాటర్నాలియా వంటి రోమన్ పండుగలకు మూడు రోజుల ముందునుంచే విగ్రహారాధకులతో క్రయవిక్రయాలు, అప్పుల లావాదేవీలు కూడవు. పదిహేనో శతాబ్దపు ఇటలీలో రబ్బీ జోసెఫ్ కొలోన్, హేతువు కనిపించని ఆచారాలకూ, అణకువను చెరిపేవాటికీ మాత్రమే ఆ నిషేధం వర్తిస్తుందని వివరించి, సకారణమైన లౌకికాచారాలకు దారి తెరిచాడు.

ఈ వివరణకు అసలైన పరీక్ష అమెరికాలో ఎదురైంది. 1789 నవంబరు 26ను కృతజ్ఞతా దినంగా జార్జ్ వాషింగ్టన్ ప్రకటించినప్పుడు ఆ ప్రకటన సర్వశక్తిమంతుడైన దేవుణ్ణి స్మరించిందే తప్ప ఏ ఒక్క మతాన్నీ పేర్కొనలేదు కనుక, న్యూయార్క్‌లోని షెరిత్ ఇజ్రాయెల్ ప్రార్థనామందిరంలో గెర్షోమ్ మెండెస్ సైషాస్ నిస్సంకోచంగా ఆనాడు ప్రసంగించాడు. అయితే 1844లో దక్షిణ కరోలినా గవర్నరు జేమ్స్ హామండ్ అదే పండుగను క్రైస్తవ పరిభాషలో ప్రకటించగా, చార్లెస్టన్ యూదులు లిఖితపూర్వకంగా నిరసించారు. క్షమాపణ చెప్పడానికి ఆయన నిరాకరించాడు. పౌరులందరికీ చెందవలసిన రోజు ఒక్క మాటతో కొందరికి పరాయిదైపోతుందని చూపిన ఆ నిరసన, ఈ చరిత్రలో అత్యంత గౌరవనీయమైన ఘట్టం.

1863లో అధ్యక్షుడు లింకన్ ప్రకటన తర్వాత ఆ దినం ఏటేటా జరిగే జాతీయ పర్వంగా స్థిరపడి, కుటుంబ విందుగా మారింది. విందులో ప్రధానమైన టర్కీ కోడి విషయంలోనూ చిక్కుంది: తినదగిన పక్షిగా తరతరాల సంప్రదాయ సాక్ష్యం ఉన్నదాన్నే భుజించాలన్నది మధ్య, తూర్పు యూరప్ యూదుల నియమం కాగా, అమెరికా ఖండపు ఈ పక్షికి అటువంటి సాక్ష్యం ఉండే అవకాశమే లేదు, అయినా అది అప్పటికే విస్తృతంగా ఆమోదం పొందింది.

ఇరవయ్యో శతాబ్దపు పండితులు మాత్రం ఏకాభిప్రాయానికి రాలేదు. రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్ ఈ పండుగను అనుమతించగా, అన్యుల పంచాంగాన్నిబట్టి పర్వాన్ని నెలకొల్పడమే దోషమని రబ్బీ ఇత్సాక్ హుట్నర్ నిషేధించాడు. రబ్బీ మోషే ఫైన్‌స్టీన్ విందును అనుమతిస్తూనే, దాన్ని ఏటా తప్పక నిర్వర్తించవలసిన మతవిధిగా మార్చకూడదన్నాడు. అన్ని తీర్పుల్లోకీ ఇదే నిశితమైనది. ఎందుకంటే పొరుగువారితో కలిసి భుజించే స్వేచ్ఛను కాపాడుతూనే, యూదుల మూల ధర్మగ్రంథమైన తోరా విధించని పర్వం విధిగా స్థిరపడకుండా ఇది నిలువరించింది.