పటాలం వదిలిన పాదిరి

బెంజ్ సర్కిల్ నుంచి 65వ నంబరు హైవే ఇటు బందరుకు, అటు హైదరాబాదుకు పోతుంది. ఆ రూట్లో ఆర్టీసీ కండక్టరుగా టిక్కెట్లు కొట్టినవాణ్ణి. క్రిస్మస్ దగ్గర పడితే మా పటమటవాళ్లు పిల్లాపాపలతో మెదక్ చర్చికని బయల్దేరేవాళ్లు. ఆ గుడి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర మొదట పటాలం పాదిరి అంటే నమ్మేవాళ్లు కాదు.

1895లో సికింద్రాబాదులో దిగాడాయన. వెస్లియన్ మెథడిస్టు మిషన్ మనిషి. తిరుమలగిరి కంటోన్మెంటులో తెల్ల సిపాయిలకు వాక్యం చెప్పడం ఆయన పని. ఆ రోజుల్లో సిపాయికి ఆదివారం గుడి కూడా డ్యూటీయే. వరసకట్టి నడవాలి, 1857 తిరుగుబాటు తర్వాతైతే తుపాకీ కూడా వెంట ఉండాలి. భక్తితో వచ్చేదెవరు, హాజరు కోసం వచ్చేదెవరు? ఆ కొలువు పాస్నెట్‌కు సరిపడలేదు. మరుసటేడు మెదక్ చేరి డాక్ బంగళాలో మకాం పెట్టాడు. తర్వాత సొంతంగా బంగళా కట్టుకుని దాని మేడమీదే ఆరాధన జరిపాడు.

మా బందరు కథ వేరు. 1841లో వచ్చిన ఆంగ్లికన్ పాదిరి రాబర్ట్ నోబుల్ రెండేళ్లకు బడి పెట్టి పెద్దకులాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పాడు. పాస్నెట్ మాల, మాదిగ వాడల దారి పట్టాడు. నా ఓటు పాస్నెట్‌కే.

1914లో మెదక్ పెద్ద గుడి పని మొదలైంది. అదే ఏడు యుద్ధం, 1918లో ఇన్‌ఫ్లుయెంజా, మధ్యలో కరువులు. ఆయన గింజలు ఊరికే పంచలేదు, గుడి దగ్గర పని చూపించి తిండి పెట్టాడు. ‘తిండి కోసం మతం మారారు’ అని బస్సులో నవ్వుకున్న పెద్దమనుషుల్ని చూశాను. కడుపు నిండిన మాటలవి! రాళ్లు మోసి తిన్న కూడు ఎవరి దయా కాదు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం 175. చార్మినార్‌ను మించకూడదని నిజాం పట్టుబట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలు కనపడతాయి. అందుకే రాత్రి బస్సెక్కినవాళ్లకు చెప్పేవాణ్ణి, పొద్దెక్కేదాకా ఉండి చూసి రండని.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యారు. నోబుల్ సంఘమూ పాస్నెట్ సంఘమూ అప్పటినుంచి ఒకే సభ.