మధ్యయుగ ఆంధ్ర చరిత్ర పరిశోధన

మధ్యయుగ ఆంధ్ర చరిత్ర పరిశోధన అనగా తెలుగు ప్రాంతాలలో సుమారుగా క్రీ.శ. 7వ శతాబ్దం నుండి 17వ శతాబ్దం వరకు జరిగిన రాజకీయ, సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక పరిణామాలను శాసనాలు, వ్రాతప్రతులు, నాణేలు, కట్టడాల ఆధారంగా అధ్యయనం చేసే విద్యారంగం. సాధారణంగా క్రీ.శ. 624లో కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యాన్ని స్థాపించినప్పటి నుండి 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యేవరకు గల కాలం ఇందులోకి వస్తుంది. కాలవిభజనపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కొందరు 12వ శతాబ్దం వరకు గల కాలాన్ని తొలి మధ్యయుగంగా విడిగా చూస్తారు.

చరిత్ర

ఈ పరిశోధన విశ్వవిద్యాలయాల కంటే ముందుగా స్వచ్ఛంద సంస్థలలో రూపుదిద్దుకున్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడినవి. వీటి వెనుక కృషిచేసిన వారిలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ముఖ్యుడు. 1923లో ఆయన మరణించిన తరువాత ఆయన పేరిట హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో "తెలంగాణా శాసనములు" ప్రచురించింది. రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. దీని పత్రిక 1926లో మొదలైంది.

నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖను నెలకొల్పారు. గులాం యాజ్దానీ దీనికి సంచాలకుడుగా పనిచేశాడు. మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వెంకటరమణయ్య శాసనాల ఆధారంగా కాకతీయుల అనంతర చరిత్రను పునర్నిర్మించారు. శర్మ రచించిన రెడ్డి రాజ్యాల చరిత్ర 1948లో ఆంగ్లంలో వెలువడింది. గోల్కొండ కుతుబ్‌షాహీలపై హరూన్ ఖాన్ షేర్వాణీ, కాకతీయులపై పి.వి.పరబ్రహ్మశాస్త్రి రచించిన గ్రంథాలు నేటికీ ఆధార గ్రంథాలుగా ఉన్నాయి. విదేశీ పరిశోధకులలో సింథియా టాల్బట్, ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ ప్రముఖులు.

ఆధారాలు

శాసనాలు: దక్షిణ భారత శాసనాల సంపుటాలలో 10వది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు శాసనాలకు, 16వది విజయనగర రాజుల తెలుగు శాసనాలకు సంబంధించినవి. రాష్ట్ర పురావస్తు శాఖ జిల్లాలవారీగా కూడా శాసన సంపుటాలు ప్రచురించింది.

పారశీక పత్రాలు: హైదరాబాదులోని తార్నాకలో గల రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కను పరిపాలనా పత్రాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పారశీక, అరబ్బీ, ఉర్దూ వ్రాతప్రతులు ఉన్నాయి.

కైఫీయతులు: కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన గ్రామ చరిత్రలలో చాలాభాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నది. ఇవి 18వ శతాబ్దాంతంలోను, 19వ శతాబ్దారంభంలోను వ్రాయబడినవి కనుక మధ్యయుగ విషయాలకు శాసనాలతో సరిచూసిన తరువాతనే వాడుకోవాలి.

ఒక్క శాసనం ప్రాముఖ్యత

ఒక చిన్న ఊరిలో దొరికిన రాయి అప్పటివరకు ఉన్న చరిత్రను మార్చిన సందర్భాలున్నాయి. రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పరిపాలించినదని చాలాకాలం చరిత్రకారులు భావించారు. నల్గొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నవంబరు నాటి శాసనం అప్పటికే ఆమె మరణించినట్లు తెలుపుతున్నది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళ్తూ నర్మదా తీరంలో మరణించాడన్న విషయం ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం వలన తెలిసింది. కరీంనగర్ జిల్లా కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై 10వ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయకు పూర్వమే తెలుగులో కందం వాడుకలో ఉన్నదనుటకు ఇది గట్టి ఆధారం.

మెదక్ ప్రాంతం

ఎల్దుర్తి మండలం గల మెదక్ జిల్లాలో మధ్యయుగ అవశేషాలు పలుచోట్ల ఉన్నాయి. మెదక్ కోట కాకతీయుల కాలం నాటిదని ప్రతీతి. తరువాత ఇది కుతుబ్‌షాహీల అధీనంలోకి వచ్చింది. మెదక్‌కు గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది. కొల్చారంలోని పార్శ్వనాథ విగ్రహం ఈ ప్రాంతంలో జైనమతం వర్ధిల్లిన కాలానికి సాక్ష్యం. పరిశోధనాంశం కోసం వెదకే ఈ ప్రాంత విద్యార్థులు గ్రామాలలోని పాత గుడులు, చెరువు కట్టలు, వీరగల్లులు, సమాధుల పరిశీలనతో ప్రారంభించవచ్చు.

సదస్సులు

భారత చరిత్ర కాంగ్రెస్ 1935లో పూణేలో ప్రారంభమైంది. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారత చరిత్రలకు ఇందులో వేర్వేరు విభాగాలు ఉంటాయి. పత్రం సమర్పించదలచినవారు సభ్యత్వం తీసుకోవాలి. ఎంపికచేసిన పత్రాలను కార్యకలాపాల సంపుటంలో ముద్రిస్తారు. ఈ సమావేశాలు తెలుగు ప్రాంతంలో హైదరాబాదు (1941, 1978), వాల్తేరు, వరంగల్ వంటి చోట్ల జరిగినవి.

ఆంధ్రప్రదేశ్ చరిత్ర కాంగ్రెస్ 1970ల దశకంలో మొదలైంది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ చరిత్ర కాంగ్రెస్ వేరుగా ఏర్పడింది. వీటిలో స్థానిక చరిత్రకు ప్రాధాన్యం ఎక్కువ కనుక కొత్తవారికి ఇవి అనువైన వేదికలు. దక్షిణ భారత చరిత్ర కాంగ్రెస్, భారత శాసన పరిశోధన సంఘం కూడా వార్షిక సమావేశాలు జరుపుతాయి.

అంతర్జాతీయంగా అమెరికాలోని కాలమజూలో ప్రతి మే నెలలోను, ఇంగ్లాండులోని లీడ్స్‌లో ప్రతి జూలైలోను జరిగే మధ్యయుగ అధ్యయన సమావేశాలు పెద్దవి. లీడ్స్ సమావేశం 1994లో మొదలైంది. ఇవి ప్రధానంగా ఐరోపా చరిత్రకు సంబంధించినవి. దక్కను పరిశోధకులకు అమెరికాలోని మాడిసన్‌లో జరిగే దక్షిణాసియా వార్షిక సదస్సు మరింత దగ్గరైనది.

ఆర్థిక సహాయం

1972లో ఏర్పడిన భారత చారిత్రక పరిశోధన మండలి పరిశోధక వేతనాలు, అధ్యయన ప్రయాణ సహాయం, సదస్సుల నిర్వహణకు నిధులు ఇస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరఫున జరిగే నెట్ పరీక్షలో తగిన అర్హత పొందినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ లభిస్తుంది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించుటకు ముందు పత్రాలు ప్రచురించి ఉండాలనే నియమం తొలగింది. అదే నిబంధనలతో ఎం.ఫిల్. కూడా నిలిచిపోయింది.

రుసుము తీసుకొని ఏ పత్రాన్నైనా అంగీకరించే సదస్సులు, పత్రికలు కూడా ఉన్నందున విద్యార్థులు జాగ్రత్త వహించాలి. పత్రాలను ఎవరు పరిశీలిస్తారు, పూర్వపు సంపుటాలు గ్రంథాలయాలలో లభిస్తున్నాయా అనే విషయాలు ముందుగా చూసుకోవాలి. పత్రికల నాణ్యత కొరకు నిధుల సంఘం నిర్వహించిన కేర్ జాబితా 2025లో రద్దయినందున ఈ బాధ్యత ఎక్కువగా విశ్వవిద్యాలయాలపైన, పరిశోధకులపైన పడింది.

కావలసిన అర్హతలు

ఈ రంగంలో డిగ్రీతో పాటు లిపి జ్ఞానం అవసరం. కాకతీయుల కాలం నాటి శాసనాలు చదువుటకు పాత తెలుగు-కన్నడ లిపి, సంస్కృతం తెలియాలి. గోల్కొండ చరిత్రకు పారశీకం, దక్కనీ ఉర్దూ కావాలి. శాసనానికి నకలు తీయడం మరొక నైపుణ్యం. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితాన్ని అతికించి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటలలోకి దింపి, పైన సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా, మిగిలిన భాగం నల్లగా వస్తుంది.

సమస్యలు

క్వారీ పనులు, రోడ్ల విస్తరణ, గుడుల పునర్నిర్మాణం కారణంగా శాసనాలు పగిలిపోవడం, వాటిపై సున్నం, రంగులు వేయడం సాధారణమైంది. నకలు తీయని శాసనం పోతే అందులోని సమాచారం శాశ్వతంగా పోయినట్లే. మరొకవైపు పారశీకం చదవగల తెలుగు విద్యార్థులు అరుదుగా ఉండటం వలన అభిలేఖాగారంలోని పత్రాలలో అధికభాగం చరిత్ర రచనలోకి రాలేదు. కొత్త శాసనాన్ని గుర్తించినవారు దానిని కదపకుండా, రాతిపై సుద్ద గాని రంగు గాని పూయకుండా, ఏటవాలు వెలుతురులో ఛాయాచిత్రం తీసి పురావస్తు శాఖకు తెలియజేయడం మంచిది.